చింతపండుతో తోమిన పాలరాతి ముఖం

మలంచా రోడ్డు పక్కన బట్టల షావుకారు కొత్తగా కట్టుకున్న ఇంట్లో, హాలు మధ్యలో, ఒక తెల్లరాయి ఉంది. దాని కింద ఉన్న నల్ల గ్రానైటు దిమ్మ నేను చేసిందే. ఆ దిమ్మ గురించి ఇప్పటిదాకా ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. నాలుగు పక్కలూ సమంగా, అంచులు తేటగా, ఎటునుంచి చూసినా అది దిమ్మలాగే ఉంటుంది. అదే దాని దురదృష్టం అనుకుంటాను. పైన కూర్చున్నది ఏమిటో ఎవరికీ తెలియదు కాబట్టి వచ్చినవాళ్లందరూ దాని ముందే నిలబడతారు.

కలకత్తాకి రైల్లో రెండు గంటల దూరంలో, మన తెలుగువాళ్లు ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఈ రైల్వే ఊళ్లో, ఖరిదా పేటలో ఒక పాలరాళ్ల దుకాణంలో పని చేస్తాను. పలకలు కోయడం, అంచులు గుండ్రం చేయడం, పాలిష్ పెట్టడం నా పని. ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. లెక్కల మాస్టారికి నా మీద ఉన్న అభిప్రాయమే నాకు ఆయన మీద కూడా ఉండటంతో పెద్ద గొడవ లేకుండా విడిపోయాం. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నన్ను కూడా ఎలాగో అందులోకి తోయాలని చూశాడు గాని, రైల్వే వాళ్లు సర్టిఫికెట్టు అడిగారు. రాయి అడగలేదు. ఇరవై ఏళ్లుగా నేను నునుపు చేసిన వంటగట్ల మీదే ఈ ఊళ్లో సగంమంది ఉల్లిపాయలు తరుక్కుంటున్నారు. వాళ్లలో ఒక్కరు కూడా ఆ గట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడి, తల పక్కకి వాల్చి, "ఇందులో ఏదో బాధ ఉందండీ" అనలేదు.

ఆ మాట ఆ తెల్లరాయి గురించి అన్నారు. అన్నది ఒక బ్యాంకు ఆఫీసరు. నేను దిమ్మ మూల సరిచేస్తూ కిందే కూర్చుని విన్నాను.

షావుకారు తాత కోస్తా నుంచి బట్టల మూట నెత్తిన పెట్టుకుని వచ్చినవాడు. గోల్‌బజార్లో ఆ మూట కొట్టయింది, కొట్టు మేడయింది. ఈయన హయాంలో మలంచాలో ఇల్లయింది. ఇల్లు గీసింది కలకత్తా ఆర్కిటెక్టు. హాల్లో వెంకటేశ్వరస్వామి పటం పెద్దది పెట్టిద్దామని షావుకారు అన్నాడట. ఆర్కిటెక్టు ఏమీ అనకుండా చిన్నగా నవ్వాడట. షావుకారు తనను తిట్టినవాడికి తిరిగి నాలుగు తగిలిస్తాడు, బేరమాడినవాడితో పొద్దుపోయేదాకా బేరమాడతాడు. నవ్వినవాడి ముందు మాత్రం బిగుసుకుపోతాడు. ఆ నవ్వు దెబ్బకి స్వామి మేడమీదికి వెళ్లాడు, కలకత్తాలో ఏదో ప్రదర్శన నుంచి చెక్కపెట్టెలో, గడ్డిలో చుట్టుకుని ఈ రాయి దిగింది.

పెట్టె విప్పినప్పుడు అక్కడే ఉన్నాను. మూడు జానల ఎత్తు. మధ్యలో ఒక గట్టు పైనుంచి కిందికి దిగి ఒక పక్కకి ఒరిగింది. ఆ గట్టుకి ఒకవైపు లోతు, రెండోవైపు ఉబ్బు. కళ్లు లేవు, నోరు లేదు. ఎవరో పెద్ద పటికబెల్లం ముక్కని సగం చప్పరించి, ఫోనొస్తే పక్కన పెట్టి మరిచిపోయినట్టుంది. అదే మాట మోసుకొచ్చినవాళ్లతో అన్నాను. షావుకారు విన్నాడు.

"నీకు వంటగట్టు తెలుసురా. దీని సంగతి నీకు తెలీదు. ఇది మనిషి ముఖం."

"ఎవరిదండి?"

"ఎవరిదీ కాదు."

"అయితే మంచిదేనండి. పోలిక రాలేదని ఎవలూ గొడవకి రారు."

ఆయన నవ్వలేదు గాని, ఆ ఎవరిదీ కాదన్న ముక్క దాచుకున్నాడు. రెండు రోజుల తర్వాత చుట్టాలెవరో వచ్చి ఇది ఎవరి ముఖమని అడిగితే, "ఎవరిదీ కాదు, అందుకే అందరిదీ" అన్నాడు. మొదటి సగం నాతో అన్నదే, రెండో సగం ఎవరి దగ్గర విన్నాడో. ఆ రాయి మీద దీపం ఒకటి పైకప్పులోంచి పడేట్టు బిగించారు. చెప్పులు గుమ్మం బయట విప్పించేవారు. ఎవరూ ముట్టుకోకూడదని కూడా చెప్పేవారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చూశారు. ఒకాయనకి బుద్ధుడు కనపడ్డాడు. ఒకావిడకి పోయిన వాళ్లమ్మ కనపడి కళ్లొత్తుకుంది. రిటైరైన రైల్వే గార్డు ఒకాయన చాలాసేపు చూసి, పాతకాలం చేతి లాంతరు మూతలా ఉందన్నాడు. షావుకారు ముగ్గురికీ అవునన్నాడు. కొట్లో కూడా అంతే, ఏ రంగు చీర మీద చెయ్యేసినా అది మీకోసమే నేయించినట్టుందంటాడు.

ఆ ఇంట్లో వంటా, దేవుడి సామానూ చూసేది మా మేనత్త. నాన్నకి చెల్లెలు. ఆమె భర్త గూడ్స్ షెడ్డులో ఎవరో కాంట్రాక్టరు కింద మూటలు మోసేవాడు. పింఛనూ, క్వార్టరూ ఉండే ఉద్యోగం కాదు. ఆయన పోయాక ఆమెకు మిగిలింది ఒక ఇనపపెట్టె, రైలు పట్టాల పక్కన ఒక గుడిసె. తర్వాత గుడిసెలు తీయించేశారు. పిల్లల్లేరు. అప్పటినుంచి షావుకారు ఇంట్లోనే ఉంటోంది. ముందు గోల్‌బజార్ మేడ మీద ఉండేది, ఇప్పుడు మలంచా ఇంటి వెనక ఒక గదిలో. ఆధార్ కార్డు మీద ఆమె అడ్రసు కూడా ఆ ఇల్లే. ఇంట్లో షావుకారు ఆమెను అక్కా అని పిలుస్తాడు. చుట్టాల ముందు మా పనావిడ అంటాడు. రెండు పిలుపులకీ ఒకేలా పలికేది.

నా దగ్గరికి వచ్చి ఉండమని చాలాసార్లు అడిగాను. మా అమ్మకీ ఆమెకీ ఒక ఇత్తడి బిందె దగ్గర ఎప్పుడో మాటలు ఆగిపోయాయి. "మీ యమ్మ సేతి కూడు తినడం కన్నా టేసన్లో ప్లాట్‌ఫారం మీద తొంగోడం నయం" అనేది. మన ప్లాట్‌ఫారానికి పొడవు విషయంలో దేశమంతా పేరుంది, కాళ్లు బారజాపుకోవచ్చు అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మావాళ్ల ఇళ్లలో మాతా పూజ, అంటే అమ్మవారి పండగ, దగ్గరపడుతోందంటే ఊళ్లో చింతపండుకి గిరాకీ మొదలవుతుంది. ఘటాలు, బిందెలు, దీపపు సెమ్మెలు, హారతి పళ్లేలు, గంటలు అన్నీ బయటికి వస్తాయి. నానబెట్టిన చింతపండు పిప్పితో, ఉప్పుతో తోమి, బొగ్గులాంటి ఇత్తడిని బంగారం చేసి ఎండలో బోర్లిస్తారు. అత్త లెక్కలో చింతపండు తగలనిది శుభ్రమైనట్టే కాదు. ఆ ఏడు పూజకి వారం ముందు షావుకారు కుటుంబమంతా విశాఖపట్నం పెళ్లికి వెళ్లింది. నాలుగు రోజులు ఇల్లంతా ఆమె చేతిలో. మొదటి రోజు దేవుడి గది అయింది. రెండో రోజు సామాను అయింది. గిన్నెలో ఇంకా చింతపండు మిగిలింది. హాల్లోకి వచ్చింది.

మధ్యాహ్నం నాకు ఫోను. "ఒరే, బేగి రా. రాయికి ఏటో అయిపోయింది."

వెళ్లేసరికి అత్త దిమ్మ పక్కన నేలమీద కూర్చుని ఉంది. రాయి ఎడమ సగం ఎప్పటిలాగే నిగనిగలాడుతోంది. కుడి సగం సున్నం కొట్టి ఆరబెట్టిన గోడలా ఉంది. పాలరాయికి పులుపు పడదు. చింతపండు గాని, నిమ్మకాయ గాని తగిలిందంటే మెరుపు మొత్తం తినేస్తుంది. వంటగదిలో పాలరాయి వేయించుకునే ప్రతివాళ్లకీ ఈ సంగతి చెబుతాను. వాళ్లు తలాడిస్తారు, మర్నాడే దాని మీద నిమ్మకాయ కోస్తారు. హాల్లో నిలబెట్టినదానికి కూడా చెప్పాలని నాకు తోచలేదు.

నవ్వొచ్చింది. ఆపుకోలేదు. "అత్తా, ఏటి సేసినావు? ముట్టుకోవద్దన్నారు కదా."

"ముట్టుకోవద్దన్నారనే కదరా తోమినాను" అంది. "తలమీద దీపం ఎట్టినారు. సెప్పులిప్పి వొస్తన్నారు. ఎదరకొచ్చి నోరు మూసుకుని నిలబడతన్నారు. ఒకావిడైతే ఏడిసింది. అమ్మోరు కాపోతే మరేటిది?"

"కళ్లు నేవు కదా."

"కళ్లు ముందే ఉంటాయేటి? మనూళ్లో అమ్మోరికి కళ్లెప్పుడున్నాయి? ఎండివి సేయించి అతికించినారు. ఈలు కూడా సేయిస్తారు కాబోలనుకున్నాను."

ఆ వాదాన్ని కలకత్తా ఆర్కిటెక్టు కూడా పడగొట్టలేడు. చెప్పులు విప్పించి, దీపం పెట్టి, మనుషుల చేత తలలు వంచించి, పేరు మాత్రం దేవుడు కాదంటే నమ్మడానికి ఆమె ఏమైనా చదువుకున్న మనిషా?

నీళ్లు తాగుదామని వెనక్కి వెళ్తే ఆమె గది తలుపు తీసుంది. ఇనపపెట్టె మంచం మీద ఉంది. చీరలు మడతపెట్టి అందులో సర్దేసి ఉన్నాయి. నాకు ఫోను చేయకముందే ఆ పని అయిపోయింది. నవ్వు అక్కడ ఆగింది.

"ఆయనొచ్చీలోగా ఎల్లిపోతాను" అంది వెనక నిలబడి. "అందరి ముందూ గెంటించుకోడం ఎందుకు."

"ఎక్కడికి ఎల్తావు?"

లోపలికొచ్చి పెట్టెలో పై చీర మళ్లీ మడతపెట్టింది. ఆ రాయి ఖరీదు ఎంతో షావుకారు ఎవరికీ చెప్పేవాడు కాదు గాని, చెప్పకుండానే అందరికీ తెలిసేట్టు చూసుకునేవాడు. ఆ గదిలో అత్త ఉండటం ఆ రాయి కన్నా ఖరీదైనదని అనుకునే మనిషి కాడు.

రెండు రోజులు టైముంది. ఎవరికీ తెలియకుండా మునుపటిలా చేసేస్తానని చెప్పాను.

"సెప్పకుండానా?"

"సెప్పకుండానే."

ఆ మాట ఆమెకు నచ్చలేదని తెలుసు. పెట్టె మాత్రం మూత వేసి మంచం కిందికి తోసింది.

మిషను ఆ ఒంపుల్లోకి పోదు. చేత్తోనే చేయాలి. నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో మొదలుపెట్టి, దాని మీద సన్నది, ఆ పైన ఇంకా సన్నది. చివర పాలిష్ పొడి, ఉన్ని గుడ్డ. ఒక్కో చోట వేళ్లు పట్టే సందు లేక బొటనవేలు చుట్టూ కాగితం చుట్టుకున్నాను. అత్త పక్కన కూర్చుని నీళ్లందించింది. దేనికీ పనికిరాని రాయి అని తిడుతూనే రుద్దాను. దీని మీద కూర పెట్టలేం, తల పెట్టలేం, కనీసం గొడుగు తగిలించుకుందామన్నా కొక్కెం లేదు అన్నాను. అత్త ఒక్కసారి నవ్వింది. ఆ రెండు రోజుల్లో అదొక్కటే.

రెండో రోజు పొద్దున్న కుడివైపు అయిపోయింది. మెరుపు కలిసింది, అతుకు తెలియలేదు. కాగితాలు మడుస్తుంటే, ఆ ఉబ్బు కిందనుంచి మెడ వైపు దిగే చోట నాలుగు వేళ్ల వెడల్పున గరుకు తగిలింది. సన్నటి ఉలి గీతలు పక్కపక్కనే, దువ్వెన పళ్లలా. మా పనిలో ఇలాంటివి రోజూ చూస్తాను. వంటగట్టు కింద అంచు, మెట్టు లోపలి మూల ఎవరు వంగి చూస్తారులే అని కొందరు వదిలేస్తారు. కలకత్తాలో కూడా దొంగపని ఉందన్నమాట అనుకుని సంతోషపడ్డాను. గరుకు కాగితం మళ్లీ తీశాను.

"అది సింతపండు కాదురా" అంది అత్త. "అది మునుపూ అలగే ఉండేది. దుమ్ము తుడిసినప్పుడు గుడ్డ పట్టీసేది."

"ఎవడో ఎగ్గొట్టినాడు అత్తా."

"ఎగ్గొట్టినాడని నీకెలగ తెలుసు?"

"ఇరవై ఏళ్లనుంచి ఎగ్గొట్టీవోళ్లతోనే కదా పని సేస్తన్నాను."

ఒక పూట పట్టింది. మధ్యాహ్నానికి ఆ రాయి తల నుంచి మెడ దాకా ఒక్క గీత లేకుండా, బ్యాంకు కౌంటరులా మెరిసిపోయింది. ఇంత డబ్బుపోసి కొన్న వస్తువుని పూర్తి చేయడానికి ఖరిదా నుంచి మనిషి రావాల్సి వచ్చింది అని అత్తతో అన్నాను. ఆమె నీళ్ల బకెట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది.

షావుకారు మర్నాడు దిగాడు. రాయి ముందు నిలబడ్డాడట, కాసేపు చూశాడట. అత్త వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉందట. "మంచి రాయి ఇంతే అక్కా, రోజులు గడిచేకొద్దీ కళ తేలుతుంది" అన్నాడట. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాడికీ అదే చెప్పాడు. నిరుటి కన్నా ఇప్పుడు మెరుపు పెరిగిందనీ, ఇంకా పెరుగుతుందనీ, తెలిసినవాళ్లే కనిపెడతారనీ. తెలిసినవాళ్లు అందరూ కనిపెట్టారు. నేను వంటగదిలో అతుకు చూడాలన్న వంకతో రెండుసార్లు వెళ్లి ఆ ఉపన్యాసం విన్నాను. సినిమాకి వెళ్లినా నాకు అంత తృప్తి దొరకదు.

తృప్తి లేనిది అత్తకి. ఆ వారం చారులో ఉప్పు మరిచిపోయింది. పాలు పొంగించింది. పూజకి ఇత్తడి సామాను అడిగి తీసుకెళ్లడానికి వచ్చిన మా వీధివాళ్లతో సరిగ్గా మాట్లాడలేదు. పెట్టెలో సర్దిన చీరలు బయటికి తీయలేదు, పైన ఉన్న ఒక్కటే ఉతుక్కుని కట్టుకుంటోంది. గండం గడిచిపోయింది కదా అన్నాను. "నీకు గడిసింది" అంది.

సరిగ్గా అప్పుడే ఆ రాయి చెక్కినావిడ వస్తున్నట్టు కబురొచ్చింది. ఆవిడ చేసిన పనులన్నీ ఒక పుస్తకంగా వేస్తున్నారట. ఎక్కడెక్కడున్నాయో అక్కడికి వెళ్లి ఫోటోలు తీయించుకుంటోందట. షావుకారు నలుగురు పెద్దమనుషుల్ని పిలిచాడు. మిఠాయిలు తెప్పించాడు. దిమ్మకి ఒక మూల చిన్న పెచ్చు లేచిందని నన్నూ రమ్మన్నాడు. ఆవిడ వచ్చేసరికి నేను ఆ మూలకి పూత పెట్టి, ఆరడం కోసం అక్కడే కూర్చుని ఉన్నాను.

నేను ఎవరినో ఊహించుకున్నాను. దిగింది అరవై ఏళ్ల బెంగాలీ మనిషి, నలిగిన నూలు చీర, భుజాన గుడ్డసంచి, వెనక కెమెరా పట్టుకున్న మనిషి. నేను మొదట చూసింది చేతుల్ని. గోళ్లు అరిగిపోయి, వేళ్ల కణుపుల దగ్గర చర్మం మందంగా, ఎడమ బొటనవేలి మీద పాత సుత్తిదెబ్బ మచ్చ. మా దుకాణంలో అందరికీ ఉండే చేతులే. ఎగ్గొట్టేవాళ్ల చేతులు అలా ఉండవు.

ఆవిడ భుజాన సంచి కూడా దించలేదు. రాయి చుట్టూ ఒకసారి తిరిగింది. షావుకారు వెనకే తిరుగుతూ, రోజులు గడిచేకొద్దీ మెరుపు ఎలా పెరుగుతోందో బెంగాలీలో చెబుతున్నాడు. ఆవిడ ఆ ఉబ్బు కింద చెయ్యిపెట్టి అక్కడే ఉంచేసింది. తర్వాత దీని మీద ఎవరు పనిచేశారని అడిగింది.

ఎవరూ ముట్టుకోలేదు దీదీ, ముట్టుకోనివ్వను అన్నాడు షావుకారు. నేను పైకప్పు చూశాను. అందులో నాకు మంచి అలవాటుంది.

అత్త టీ పళ్లెంతో వచ్చింది. పళ్లెం బల్ల మీద పెట్టింది. ఎవరూ ఆమెను అడగలేదు.

"నానే తోమినాను" అంది షావుకారు వైపు తిరిగి. "మీరు పెళ్లికెల్లినప్పుడు. సింతపండెట్టి. పెట్టె సర్దుకునే ఉన్నాను బాబూ, ఎల్లమంటే ఇప్పుడే ఎల్తాను. ఈ వారం రోజులూ మీ ఇంట్లో దొంగకూడు తిన్నట్టుంది."

షావుకారు నోరు తెరిచాడు గాని ముందు ఆ చెక్కినావిడ ముఖం వైపు చూశాడు. ఎంత కోపం తెచ్చుకోవాలో ఆయనకి తెలియలేదు. తన సొంత రాయి పాడైందో లేదో కూడా ఇంకొకరి ముఖంలో చూసి తెలుసుకోవలసిన స్థితి. ఆవిడ ముఖంలో ఏమీ కనపడకపోయేసరికి పెద్ద కోపమే మంచిదని నిర్ణయించుకున్నట్టున్నాడు. ఇన్నేళ్లు అన్నం పెట్టినందుకు ఇదా అని మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఏమంటోంది ఈమె అని నన్ను అడిగింది, దగ్గరగా ఉన్నది నేనే కాబట్టి.

నేను బెంగాలీలోకి మార్చి చెప్పాను. నా మార్పులో చింతపండు కొంచెం తగ్గింది, తడిగుడ్డ కొంచెం పెరిగింది. గోల్‌బజార్లో చేపలు బేరమాడటానికి సరిపడా బెంగాలీ అత్తకీ వచ్చు. "తడిగుడ్డ కాదు, సింతపండే" అని నన్ను సరిచేసింది. అమ్మవారనుకున్న సంగతి, వెండి కళ్ల సంగతి అన్నీ తనే చెప్పేసింది. పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వాడు. చెక్కినావిడ నవ్వలేదు. ఎక్కడినుంచి తోమడం మొదలుపెట్టావని అడిగింది.

అత్త దగ్గరికి వెళ్లి, ముట్టుకోకుండా, వేలితో గాల్లోనే చూపించింది. నుదురు. ముక్కు. ఆ పక్క చెంప.

"ఇక్కడికొచ్చీసరికి మొకం అటు తిప్పీసుకున్నట్టు అనిపించింది" అంది. "కోపమొచ్చిందేమోనని ఆపీసినాను."

ఇది నేను సరిగ్గానే మార్చి చెప్పాను. ఆవిడ షావుకారు వైపు తిరిగి, ఇది అటు తిరుగుతున్నట్టు మీకెప్పుడైనా అనిపించిందా అని అడిగింది. ఎందుకనిపించదు, మొదటిరోజే అనుకున్నానన్నాడు. బుద్ధుణ్ణి చూసినాయన కూడా అవునన్నాడు. ఆ క్షణం నుంచి హాల్లో ఉన్న పెద్దమనుషులందరికీ ఆ ముఖం అటు తిరిగే కనపడసాగింది.

చింతపండు పైమెరుపుని మాత్రమే తింటుంది, అది పెద్ద విషయం కాదు, నేనే కూర్చుని సరిచేసేదాన్ని అంది ఆవిడ. మరి ఇది ఎవరు చేశారని, మళ్లీ ఆ ఉబ్బు కింద చెయ్యిపెట్టింది. ఈసారి పైకప్పు చూడలేకపోయాను. నా గోళ్లలో తెల్లపొడి ఎప్పుడూ పోదు. ఆవిడ వాటినే చూస్తోంది.

"ఇక్కడ నేను ఉలి ఆపాను" అంది బెంగాలీలో, నాకొక్కడికే చెబుతున్నట్టు. "ఆపాలా వద్దా అని తొమ్మిది రోజులు ఆలోచించి ఆపాను. తిరుగుతున్న ముఖం వెనక చీకటి ఉండాలి. నునుపు మీద చీకటి నిలవదు. నీకెంతసేపు పట్టింది?"

"ఒక పూట దీదీ."

"బాగుంది. వంటగట్టు చేశావు."

నన్ను చాలామంది తిట్టారు. లెక్కల మాస్టారు తిట్టాడు, నాన్న తిట్టాడు, కొలత తప్పిన కస్టమర్లు తిట్టారు. అందరికీ ఏదో ఒకటి తిరిగి అన్నాను. ఆ రోజు చేతులు వెనక్కి దాచుకున్నాను. అత్త చేసిన తప్పు నేను దిద్దగలిగాను. నేను దిద్దినదాన్ని దిద్దడం ఎవరి వల్లా కాదు, తీసేసిన రాయి తిరిగి రాదు. పైగా ఆ గరుకు అలాగే ఉండేదని అత్త చెప్పింది. దుమ్ము తుడిచే మనిషికేం తెలుసనుకున్నాను. షావుకారు నా గురించి అనుకున్నదీ అదే కదా, ఆయన్ని అన్ని రోజులు వెక్కిరించాను.

ఆవిడ ఫోటో తీయించలేదు. టీ మాత్రం తాగింది, అది కూడా అత్తతో పాటు వంటింట్లో నిలబడి. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వెళ్లేటప్పుడు గుమ్మంలో షావుకారుతో ఒకే మాట అంది. ఈ ఇంట్లో దీన్ని చూసిన మనిషి ఈమె ఒక్కతే, ఈమెను పంపించేస్తే ఇది ఇక్కడ ఉండి ఏం లాభం అంది. పెద్దమనుషులు మిఠాయిల వైపు తిరిగారు. మెరుపు పెరుగుతోందని వారం రోజులు విన్నవాళ్లే వాళ్లందరూ. పంపించడానికి షావుకారుకి ఇక దారి లేదు. పంపిస్తే ఎందుకు పంపించాడో గోల్‌బజార్ అంతా అడుగుతుంది, చెప్పబోతే మెరుపు సంగతి కూడా చెప్పాలి. కానీ అంతమంది ముందు ఎవరో ఒకరిని గుమ్మం దాటించకపోతే ఆయనకి తోచదు. నన్ను దాటించాడు. మళ్లీ ఈ గేటు లోపల కనపడకు అన్నాడు. ఆయన కట్టిస్తున్న కొత్త కొట్టులో నాకు రావలసిన మెట్ల పని కూడా వేరేవాళ్లకి ఇచ్చేశాడు. మా దుకాణంలో నాకు దానిమీద వేరే పూజ జరిగింది, అది ఇక్కడ అనవసరం.

అత్త ఆ సాయంత్రమే పెట్టెలోంచి చీరలు తీసి దండెం మీద వేసుకుందట.

ఇప్పుడు ఆదివారాలు నేను ఆ ఇంటి గేటు బయట నిలబడతాను. అత్త గిన్నెలో ఏదో ఒకటి పెట్టి తెచ్చి కమ్మీల మధ్యనుంచి ఇస్తుంది. లోపలి కబుర్లు చెబుతుంది. షావుకారు ఇప్పుడు వచ్చినవాళ్లకి, మెడ దగ్గర నునుపు చూశారా, చెక్కినావిడ స్వయంగా వచ్చి చూసి వెళ్లారు అని చెబుతున్నాడట. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, చెప్పే తీరులోనే ఉంది అంతా. చుట్టాల ముందు కూడా ఇప్పుడు అక్కా అనే పిలుస్తున్నాడట. దానికి కారణం తనకి తెలియదంది. నాకు తెలుసు గాని చెప్పలేదు.

మొన్న ఆదివారం రాయి ఎలాగుందని అడిగాను. నేనే అడిగాను, ఆమె ఎత్తలేదు.

"బాగానే ఉంది. రోజూ తుడుస్తన్నాను" అంది. "నువ్వు నున్నగా సేసినకాడ దుమ్ము నిలబడ్డం నేదురా. గుడ్డ ఒక్కసారి తిప్పితే సాలు."

మెచ్చుకుందో తిట్టిందో తేల్చుకునేలోగా, పొయ్యి మీద పాలున్నాయంటూ లోపలికి వెళ్లిపోయింది. గేటుకి లోపలినుంచి గడియ పెట్టుకుని మరీ వెళ్లింది.